ముట్టుకోని చీర

ఈమధ్య మా ఇంటికి వచ్చినవాళ్ళు నన్ను పలకరించే ముందు నా కుడికాలి వైపు చూస్తున్నారు. కాలు ఉంది. దాని మీదే నడుస్తున్నాను. తొడ వెనక, మోకాలికి జానెడు పైన, నిమ్మకాయంత గుంట మాత్రం మిగిలింది. దాని కథ అడిగినవాళ్ళందరికీ చెప్పాను. ప్రతివాళ్ళూ "పామా?" అని మొదలుపెట్టి "అయ్యో, సాలీడేనా" అని ముగిస్తారు. పాము కానందుకు కొందరి మొహంలో కాస్త నిరాశ కూడా కనిపిస్తుంది. అందుకే ఒకసారి కూర్చుని రాసేస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెడితే సరిపోతుంది.

ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పటికీ మడత పెట్టిన బట్టల మధ్య చెయ్యి పెట్టాలంటే నాకు భయమే. రాస్తే తగ్గుతుందేమో చూడాలి.

ఆషాఢం

మాది కోనసీమలో కాలవగట్టు పక్క ఊరు. మావారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో మేమిద్దరం, అత్తయ్యగారు. మా అమ్మాయి మైథిలి భీమవరంలో చదువుకుంటూ సెలవులకి వచ్చిపోతుంది. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయన తద్దినం ఆషాఢంలో, వానలు పట్టుకున్న రోజుల్లో వస్తుంది.

మడి సంగతి తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. తద్దినం వంట మడితో చెయ్యాలి. తలమీంచి స్నానం చేసి, ఎవరూ ముట్టుకోని బట్ట కట్టుకుని, ఆ కార్యక్రమం ముగిసేదాకా ఎవరినీ తాకకుండా ఉండాలి. నూలుబట్ట అయితే ముందురోజు తడిపి ఎవరి చెయ్యీ తగలని చోట ఆరెయ్యాలి. పట్టుబట్టకి ఆ తడిపే బాధ లేదు. వానాకాలంలో నూలుచీర ఆరి చావదు కాబట్టి మా ఇంట్లో తద్దినానికి ఒక పట్టుచీర ఉండేది. ముదురాకుపచ్చ రంగు, అత్తయ్యగారి పెళ్ళినాటిది. కొట్టుగదిలో పైకప్పుకి దగ్గరగా కట్టిన వెదురు దండెం మీద ఏడాది పొడుగునా వేలాడేది. దాన్ని దింపడం కూడా చేత్తో కాదు, కర్రతో.

ఆ గదిలోకి పనిమనిషి వెళ్ళకూడదు. మైథిలి వెళ్ళకూడదు. స్నానం చెయ్యకుండా నేనూ వెళ్ళకూడదు. అత్తయ్యగారికి ఎనభై దాటాయి, చీపురు పైకెత్తలేరు. మరి ఆ గదికి బూజు ఎవరు దులుపుతున్నారన్న ప్రశ్న మా నలుగురిలో ఒక్కరికీ రాలేదు. గోడకి అవతల వసారాలో వలిచిన కొబ్బరి డొక్కలు నడుమెత్తున పేర్చి ఉండేవి. కిటికీ రెక్క వానకి ఉబ్బి పూర్తిగా మూతపడేది కాదు. అయినా ఇంటి మొత్తానికి శుభ్రమైన గది అదేనని మా నమ్మకం. ఎవరూ ముట్టుకోరు కదా.

కిందటేడు తద్దినం రోజు ఉదయం కర్రతో చీర లాగుతున్నప్పుడు ఏదో సన్నగా సాగి తెగినట్టయింది. పట్టుపోగు అనుకున్నాను. దులపకుండానే కచ్చపోసి కట్టుకున్నాను. మడిబట్ట దులిపితే అంచు గోడకో తలుపుకో తగులుతుందని మా ఇంట్లో ఎవరూ దులపరు. తర్వాత పొయ్యి ముందు పీట మీద కూర్చున్నాను. కూర్చోగానే తొడ వెనక చురుక్కుమంది.

అత్తయ్యగారు వంటింటి గడప దగ్గర తన పీట వేసుకుని అన్నీ చూస్తూ కూర్చుంటారు.

"ఏదో కుట్టినట్టుందండీ," అన్నాను.

"చీమయ్యుంటుందే శారదా. వానకి అన్నీ ఇంట్లోకే చేరతాయి. ఇప్పుడు విప్పి చూసుకుంటావా ఏంటి? మళ్ళీ కట్టుకోడానికి ఇంకో మడిచీర లేదు. వాళ్ళొచ్చే వేళయింది."

ఇది చదివి మీరు ఆవిడని తిట్టుకునేలోపు ఒక మాట. ఆవిడ వద్దనకపోయినా నేను విప్పేదాన్ని కాదు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచి మామగారి తద్దినం నా చేతిమీదుగా ఒక్క లోపం లేకుండా జరిగిందన్న పొగరు నాకుండేది. చీమకోసం దాన్ని వదులుకుంటానా?

పరమాన్నం దించేసరికి ఆ చోట మంట మొదలైంది. గారెలు వేస్తుండగా మంట పోయి చల్లబడింది. ఆ చల్లదనమే నాకు నచ్చలేదు. కాలు నాది కానట్టుంది. మూకుడులో నూనె చిటపట పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టు వినిపించింది.

భోక్తలు వచ్చారు. పోయినవాళ్ళ స్థానంలో కూర్చుని భోంచేసే బ్రాహ్మలని భోక్తలంటారు. మా ఇంట్లో ఇద్దరు కూర్చుంటారు. మూడో విస్తరి విష్ణుస్థానం, దాని ముందు ఎవరూ కూర్చోరు. వడ్డనకి గారెల పళ్ళెం పట్టుకుని హాలు గుమ్మంలోకి వచ్చేసరికి నాకు మూడు వీపులు కనిపించాయి. మూడో ఆయన కొంచెం ముందుకి వంగి, మెడ పక్కకి వాల్చి, విస్తరిలోకి చూస్తున్నాడు. మామగారు అలాగే కూర్చునేవారు. నేను కళ్ళు దించుకుని వడ్డించాను. మూడో విస్తరిలో కూడా వడ్డించాను, అందులో వింతేం లేదు, ఎలాగూ వడ్డిస్తాం. తల మాత్రం ఎత్తలేదు.

వంటింట్లోకి తిరిగొచ్చి పళ్ళెం కింద పెట్టబోయి నేనే కింద పడ్డాను.

స్పృహ పోలేదు. అన్నీ తెలుస్తున్నాయి. నేల మీద చెంప ఆన్చి పడి ఉన్నాను. గుమ్మంలో పాదాలు కనిపించాయి. మైథిలి పాదాలు, పక్కింటి కామేశ్వరిగారి పాదాలు. అవి గడప దాకా వచ్చి ఆగిపోయాయి.

"ముట్టుకోకండి," అన్నారు అత్తయ్యగారు. "మడిలో ఉంది. ఇంకా పిండాలు పెట్టలేదు. పొద్దుట్నుంచి ఏమీ తిన్లేదుగా, కళ్ళు తిరిగుంటాయి. అదే లేస్తుంది."

నేను లేద్దామనే చూశాను. నోరు తెరిచి మైథిలిని పిలిచాను, గొంతు బయటికి రాలేదు. ఆ పాదాలు కదలకుండా అక్కడే ఉన్నాయి. నా జబ్బు మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది పుండు కాదు, ఆపరేషన్ కాదు, ఆ కాసేపు. అందరూ చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నారు, ఒక్కళ్ళూ చాపలేదు. చచ్చిపోయాక ఇలాగే ఉంటుందేమో అనిపించింది.

తర్వాత మైథిలి గొంతు వినిపించింది. "నాన్నమ్మా, జరుగు." దాని చెయ్యి నా నుదుటి మీద పడింది. ఏడుపొచ్చింది.

పురుగు

చీర పక్కకి తీసి వాపు చూసినప్పుడు అత్తయ్యగారు అన్న మాట ఇది: "ఏదో పురుగు ముట్టుకుందర్రా."

ఆవిడ ఉద్దేశం పురుగనే. కానీ మా వైపు పాము పేరు పైకి అనరు. పురుగంటారు. కరిచిందని కూడా అనరు, ముట్టుకుందంటారు. కామేశ్వరిగారు ఆ మాట పట్టుకుని వీధిలోకి పరిగెత్తారు. నన్ను ఎక్కించిన ఎదురింటివాళ్ళ కారు కాలవ వంతెన దాటేసరికి ఊళ్ళో అందరికీ నన్ను తాచు కరిచిందని తెలిసిపోయింది. నాకూ అదే తెలిసింది. వెనక సీట్లో పడుకుని, చీరలోంచి తాచు ఎప్పుడు వెళ్ళిపోయిందా అని ఆలోచించాను.

అమలాపురంలో ఆసుపత్రిలోనూ మావారు అదే చెప్పారు, "పురుగు ముట్టుకుందండి" అని. పంచెతో, నుదుట గంధంతో, వేలికి దర్భ పవిత్రంతో అలాగే వచ్చేశారు పాపం. నర్సులు నాకు నైటీ తొడిగి, పట్టుచీర చుట్టి ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి ముడేసి మంచం కింద పెట్టారు. రక్తం తీసి గాజు గొట్టంలో పోసి కదపకుండా నిలబెట్టారు. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి పాము విషం పనిచేస్తోందని అర్థం; తాచుదైతే కనురెప్పలు వాలిపోతాయట, అదీ కనిపెట్టి చూస్తున్నారు. అంతసేపూ చెయ్యగలిగింది ఏమీ లేదు.

వార్డులో చోటు చాలక నా మంచం వరండాలోనే వేశారు. పక్క బెంచీ మీద ఒకావిడ కూర్చుంది, చీర కుచ్చిళ్ళకి ఇంకా పొలం బురద ఉంది. లోపల ఆవిడ భర్త ఉన్నాడు. ఆయన్ని నిజంగానే పాము కరిచింది. ఆవిడ నన్ను కొంచెంసేపు చూసి, లేచి వచ్చి, నా మంచం చివర కూర్చుని నా పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. అడగలేదు. అరికాళ్ళు గట్టిగా రుద్దుతూ, "సల్లబళ్ళేదమ్మా, యేడిగానే ఉన్నాయి. నీకేం కాదు," అంది.

ఎవరో పిలిస్తే లేచి లోపలికి వెళ్ళింది. ఆయన్ని కాకినాడ తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది. ఆయనకేమైందో తెలియదు. ఆవిడ పేరు కూడా అడగలేదు. రోజూ ఆవిడ గుర్తొస్తుంది.

రక్తం గడ్డకట్టింది. డాక్టరుగారు గొట్టాన్ని వంచి చూసి, నా కనురెప్పలు కూడా చూసి, "పాము కాదండి," అన్నారు.

"మరేంటండి?" అన్నారు మావారు.

"అది మీరే చెప్పాలి. ఏం కరిచిందో చూశారా?"

ఎవరూ చూడలేదు. అసలు భయం అప్పుడు మొదలైంది. పాముకి పేరుంది, మందుంది. దీనికి ఏమీ లేదు. మర్నాటికి జ్వరం ముదిరింది. కుట్టిన చోట నడుమ తెల్లగా, చుట్టూ నీలంగా, ఆ చుట్టూ ఎర్రగా మారిందని మైథిలి చెప్పింది. మావారిని ఆ మూడో భోక్త ఎవరని అడిగాను. "ఇద్దరేగా," అన్నారు. జ్వరం ఎంతుందోనని నుదుటి మీద చెయ్యేసి చూశారు.

ఆ తర్వాత రోజు మైథిలి చీర ఇంటికి పంపిద్దామని మంచం కింద కవరు లాగింది. లాగి, అలాగే ఆగిపోయింది.

"అమ్మా, ఇందులో ఏదో ఉంది."

కవరు లోపలి వైపు, ముడికి కాస్త కింద, ప్లాస్టిక్‌కీ పట్టు అంచుకీ మధ్య పల్చటి గూడు అల్లి ఉంది. గూట్లో వేలిగోరంత సాలీడు, గోధుమరంగుది, సన్నటి కాళ్ళతో. బతికే ఉంది. నేను వంట చేసినంతసేపూ అది నా ఒంటి మీదే ఉంది. నాతోపాటు కారెక్కింది. ఈ రెండు రోజులూ నా వీపు కింద, మంచం అడుగున కూర్చుని, తీరిగ్గా ఇల్లు కట్టుకుంది.

డాక్టరుగారు దాన్ని సీసాలో పెట్టించి వెలుతురులో చాలాసేపు చూశారు. "ఇదే కరిచిందని ఒట్టు వెయ్యలేను గానీ, పుండు చూస్తే నమ్మాలనిపిస్తోంది. మన ఇళ్ళలో సాలీళ్ళు చాలావరకు ఏమీ చెయ్యవమ్మా. ఇలాంటివి అరుదు. నేనే చూడలేదు ఎప్పుడూ. ఇది మనిషి జోలికి రాదు కూడా. బట్టకీ ఒంటికీ మధ్య నలిగితేనే కరుస్తుంది."

"ఎక్కడుంటాయండీ ఇవి?" అంది మైథిలి.

"చీకట్లో. ఎవరూ ముట్టుకోని చోట."

మైథిలి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

శ్రావణం

నడుమ తెల్లగా ఉన్నది నల్లబడింది. ఆ నలుపు గట్టిపడి, అంచులు లేచి, వాసన మొదలైంది. రాజమండ్రి వెళ్ళమన్నారు. అక్కడి ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు ఆ నలుపు ఎక్కడిదాకా పోయిందో కోస్తేగానీ తెలియదన్నారు. కండ దాటితే కాలి సంగతి అప్పుడు చూడాలన్నారు. "చూడాలి" అన్న మాట ఆయన చాలా మెల్లగా అన్నారు. వరండాలో వరలక్ష్మీవ్రతం తోరాలు కట్టుకున్న ఆడవాళ్ళు తిరుగుతున్నారు. కాలు లేకుండా పీట మీద ఎలా కూర్చుంటానా అని నాకొకటే ఆలోచన.

కండ దాటలేదు. గుంట పడేలా తీసేసి, మెల్లగా పూడుతుందన్నారు. కట్టు మాత్రం రోజూ మార్చాలి.

ఇంటికొచ్చాక ఇంట్లో మాటల్లేవు. మైథిలి నాన్నమ్మతో మాట్లాడ్డం మానేసింది. ఒకరోజు వసారాలో అనేసింది కూడా: "అమ్మ కింద పడితే ముట్టుకోవద్దన్నావు నువ్వు. గుర్తుందా?" తర్వాత అత్తయ్యగారు నాకు వినిపించేలా మావారితో, "మీ నాన్నగారు అలిగారురా. పిండాలు ఆగిపోయాయి కదా," అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఆ ఇంట్లో అందరం ఒక్కొక్కళ్ళం ఒక్కొక్కదానికి భయపడుతున్నాం.

నా భయం చెప్పనా? పడుకుంటే పుండు చుట్టూ ఏదో నడుస్తున్నట్టుండేది. దుప్పటి ఎత్తి చూస్తే ఏమీ ఉండేది కాదు. ఎదురుగా కొట్టుగది తలుపు. దానికి గొళ్ళెం పెట్టించాను. పెట్టించాక ఇంకా భయమేసింది, తలుపు కింద వేలు దూరేంత సందు ఉందని అప్పుడే గమనించాను.

మైథిలికి కాలేజీ తెరిచారు. మావారు పుండు చూడలేరు, ఓసారి చూసి బయటికి వెళ్ళి కూర్చున్నారు. కట్టు మార్చడానికి వచ్చే నర్సు ఒకరోజు రాలేదు. వాన. నేను బోర్లా పడుకుని ఉన్నాను. వెనక అడుగుల చప్పుడు, ఆ తర్వాత అత్తయ్యగారి గొంతు.

"ముట్టుకోనా?"

తల తిప్పి చూశాను. ఆవిడ సబ్బుతో కడుక్కున్న చేతులు ముందుకి చాపి నిలబడ్డారు, నీళ్ళు కారుతున్నాయి. పుండూ చీమూ ఆవిడ లెక్కలో ముట్టుకోవలసినవి కావు. ముట్టుకుంటే స్నానం చెయ్యాలి, ఆ చలిలో, ఆ వయసులో.

"మీకెందుకండీ శ్రమ," అన్నాను.

"నర్సు ఎలా చేస్తోందో రోజూ గుమ్మంలోంచి చూస్తున్నా. వచ్చు నాకు."

నొప్పి తెలియకుండా పాత కట్టు విప్పి, కడిగి, కొత్తది కట్టారు. ఆ తర్వాత నర్సుని మాన్పించేశారు. రోజూ అదే మాట అడిగేవారు, "ముట్టుకోనా?" అని. నేను సరేనంటేనే ముట్టుకునేవారు. రోజూ కట్టు కట్టడం అయ్యాక తలస్నానం. దగ్గు పట్టుకున్నా మానలేదు.

కార్తీకం

నడవగలిగాక మొదట చేయించిన పని కొట్టుగది ఖాళీ చేయించడం. మడీ లేదు ఏమీ లేదు, పనిమనిషి, కూలీలు, మావారు, అందరూ వెళ్ళారు. చేతులకి మందపాటి గ్లౌజులు, ముక్కుకి గుడ్డ. అత్తయ్యగారు వసారాలో కూర్చుని చూశారు, కాదనలేదు.

మూలల్లో మేం అనుకున్నంత బూజు లేదు. చివర్లో దండెం దింపారు. వెదురు బొంగు కదా, చివర రంధ్రం తెల్లటి దూదితో మూసినట్టుంది. దాన్ని పెరట్లో నిలువునా చీల్చారు. లోపల ఈ చివర్నుంచి ఆ చివరిదాకా, పొరలు పొరలుగా గూడు. ఆ పొరల్లో సాలీళ్ళు విడిచిన తోళ్ళు, ఖాళీవి, కాళ్ళతో సహా. ముడుచుకున్న చిన్నచిన్న చేతుల్లా ఉన్నాయి. ఎన్నో ఏళ్ళవి. మామగారు ఉన్నప్పటివి కూడా అయ్యుంటాయి. ఇన్నాళ్ళూ మేం కర్రతో చీర దింపుతున్నంతసేపూ అవి మా తలల మీద ఉన్నాయి. బొంగు తగలబెట్టారు. కాలుతుంటే అత్తయ్యగారు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు మా ఇంట్లో కొబ్బరి డొక్కలు పెరడు చివరికి పోయాయి. కిటికీకి సన్నటి జాలీ, తలుపుల కింద రబ్బరు పట్టీ. అట్టపెట్టెలు తీసేసి మూతల డ్రమ్ములు పెట్టాం. మంచాలు గోడకి జరిపి ఉండవు, దుప్పటి నేలకి తగలదు. తొడుక్కునే ముందు చెప్పులు నేలకేసి కొడతాం. కట్టుకునే ముందు ఏ బట్టయినా బయటికి తీసుకెళ్ళి దులుపుతాం. కనిపించిన ప్రతి సాలీడునీ చంపమని మాత్రం నేను చెప్పను, పాపం అవి దోమల్ని తింటాయి. వాటికి మన బట్టల్లో చోటివ్వకపోతే చాలు. ఒకవేళ ఏదైనా కుడితే వెంటనే బట్ట తీసి చూసుకోండి. సబ్బుతో కడిగి, ఐసు పెట్టి, ఆసుపత్రికి వెళ్ళండి. కామేశ్వరిగారిలాంటివాళ్ళు సున్నం రాయమంటారు, తాడు కట్టమంటారు. వినకండి. కుట్టిందేంటో కనిపిస్తే సీసాలో పట్టుకెళ్ళండి. పురుగని చెప్పకండి, సాలీడైతే సాలీడనే చెప్పండి.

అన్నిటికన్నా ముందు, ఎన్ని పనులున్నా, ఎవరు గడపలో కూర్చున్నా, చీర విప్పి చూసుకోండి.

మళ్ళీ ఆషాఢం

తద్దినం వచ్చింది. పట్టుచీర లేదు, అది ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. ఏం కట్టుకోవాలో నేను అడగలేదు. అడగాలంటే భయమేసింది. ఈసారి నన్ను వండొద్దంటే బాగుండునని కూడా అనిపించింది.

ఉదయం స్నానం చేసి తడిజుట్టుతో బయటికి వచ్చేసరికి అత్తయ్యగారు పెరట్లో ఉన్నారు. వాన వెలిసి ఎండ పడింది. ఆవిడింకా స్నానం చెయ్యలేదు, ముందురోజు కట్టుకున్న చీరతోనే ఉన్నారు. తీగ మీద నా కొత్త నూలుచీర ఆరుతోంది. ఆవిడ దాన్ని చేత్తో తీశారు. కర్రతో కాదు. ఒక అంచు నాకిచ్చి, రెండో అంచు తను పట్టుకుని, విదిలించారు. తిప్పి మళ్ళీ విదిలించారు. ప్రతి మడతా వేళ్ళతో తడిమారు, వెనక్కి తిప్పి చూశారు.

ఏమీ పడలేదు. అయినా ఇద్దరం చాలాసేపు నేలకేసి చూస్తూ నిలబడ్డాం.

అప్పుడు ఆవిడ చీర నా చేతుల్లో పెట్టారు. నా చేతుల మీదే తన చేతులు ఉంచి, తెరిచిన పెరటి తలుపులోంచి హాల్లో విస్తళ్ళు వేసే చోటుకేసి ఒకసారి చూసి, అటు వినిపించేలా గట్టిగా అన్నారు:

"నేనే ముట్టుకున్నాను. కట్టుకో."